బోర్ల ఆఫీసు పెట్టెకు కరెంటు ఇచ్చిన విధం

ఎర్రబాడు తిరపాలు గారికి, సున్నపుగట్టు నుంచి మోటార్ల నాగూరయ్య నమస్కారాలు.

ముందే చెప్పుకుంటున్నాను, నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. మా ఊరి బడిలో అయిదు దాకానే చదివాను. స, శ, ష మూడూ నాకు ఒకటే. తప్పులుంటే మీరే సర్దుకుని చదవాలి.

బోర్ల ఆఫీసు కూలిన చోట మాకు దొరికినటువంటి కంప్యూటరు పెట్టె మీకూ దొరికిందని సైకిలు టపా ఆయన చెప్పాడు. ఇంకా కరెంటు ఇవ్వలేదట. ఇవ్వకండి. ఇది చదివాక ఇవ్వండి. మనిషి ఎదురుగా ఉంటే నాకు మాట రాదు. అందుకని నా పనిపుస్తకంలో ఏ రోజుకారోజు రాసుకున్నది ఎత్తి రాస్తున్నాను.

కృత్తిక కార్తె, తొమ్మిదో రోజు

చెంచమ్మ బండి మీద పెట్టె వచ్చింది. బొంతలో చుట్టి తెచ్చారు. ఒక ఇనప పెట్టె, ఒక తెర, అక్షరాల పలక. చెంచమ్మ మా ఊరి పెద్ద. బండి దిగుతూనే అంది.

"నాగూరన్నా, మన నీళ్ళు ఇందులో ఉండాయి."

మా ఊళ్ళో మూడు బావులు. రెండింటి నీళ్ళు తాగితే పళ్ళు గారపట్టి ఎముకలు వంగుతాయి. మూడో బావికి అడుగు కనబడుతోంది. రోహిణి ఆఖరు రోజున, ఉత్తర దిక్కుకు వలస పోయేవాళ్ళను ఎక్కించుకునే ఉత్తరం బండ్లు మా గట్టు కిందికి వస్తాయి. ఎక్కుతామో ఉంటామో చెంచమ్మ ఆ రోజు చెప్పాలి. ఎక్కితే ఇక ఊరు లేదు. నూట పద్దెనిమిది మందిమి ఎక్కడ చోటుంటే అక్కడ తలా ఒక దిక్కున దిగిపోవడమే.

ఈ చుట్టుపట్ల వేసిన ప్రతి బోరు, ఎక్కడ వేశారో, నీళ్ళు ఎట్లాంటివో, వెనకటి వాళ్ళు ఇందులో ఎక్కించారట. ఆ తర్వాతి వాళ్ళు అన్నీ ఆకాశంలో దాచుకున్నారు. ఆకాశంలో తిరిగేవి మూగబోయి ఇరవై ఆరేళ్ళు. పైన దాచినవి పైనే పోయాయి. ఈ పెట్టెలోది ఈ పెట్టెలోనే ఉంది.

కరెంటు కొట్టం చూసుకునే ఓబులేసు నన్ను వరసకు బావా అంటాడు. అప్పటికే తీగ పట్టుకుని నిలబడ్డాడు.

"తీగ పెట్టు, మీట నొక్కు. పలికితే పలుకుద్ది, లేకుంటే లేదు. ముహూర్తం జూడాలా ఏంది బావా?"

ఎన్నేళ్ళ పెట్టె అది. మా తాత కూడా చూసి ఉండడు. ఒక్కసారిగా కరెంటు పోస్తే లోపల ఏది పగులుతుందో తెలియదు. పగిలితే నీళ్ళు పోయినట్టే. ఇదంతా చెప్పాలనుకున్నాను. పదిమంది చూస్తున్నారు. ఓబులేసు చేతిలోని తీగ లాక్కుని భుజాన వేసుకుని ఇంటికి వచ్చేశాను.

వెనక నుంచి ఓబులేసు అరుస్తున్నాడు. "పాము బట్టినట్టు పట్టుకపోతుండాడు జూడండి!"

సాయంత్రానికి పెట్టె కూడా మా ఇంటికే చేర్చారు.

కృత్తిక, పదో రోజు

మూత విప్పాను. నాలుగు మరలు. లోపల వేలెడు మందం దుమ్ము, బల్లి గుడ్లు రెండు, కందిరీగ కట్టిన మట్టిగూడు ఒకటి. తడిగుడ్డ పెట్టలేదు. మేక వెంట్రుకల కుంచెతో దులిపి, సైకిలు పంపుతో గాలి కొట్టాను.

ముందుగా తీయవలసింది డిస్కు. ఇటుకంత బరువు, ఇటుక కంటే చిన్నది. జ్ఞాపకమంతా అందులోనే. దాన్ని విప్పి పాత నూలు పంచెలో చుట్టి నా బట్టల పెట్టెలో పెట్టి తాళం వేశాను. మీరు కూడా మొదటి రోజే ఆ పని చేయండి. నేను చేసిన పనుల్లో మంచిది అదొక్కటే.

భాగాలన్నీ బిగించిన తల్లిపలక మీద చిన్న పీపాలాంటి బ్యాటరీ ఒకటి కారి, చుట్టూ పచ్చగా చిలుము పట్టింది. బ్యాటరీ కోసి పారేశాను. చిలుమును నిమ్మరసంతో తుడిచాను. నిమ్మరసం అక్కడ నిలిచిపోతే అదీ తింటుంది కాబట్టి సారా పెట్టి కడగాలి. సారా కోసం ఓబులేసు ఇంటికే పోవాలి.

"పొద్దన్నేనా బావా! ఇన్నాళ్ళకు దారికొచ్చావే!"

"పెట్టెకు," అన్నాను.

"పెట్టెకు పోసేదానికా? నాతో ఒక గుక్క తాగవు గానీ! నేను జేసిన పాపమేందంట?" అంటూనే పావు సీసా ఇచ్చాడు.

కృత్తిక, పన్నెండో రోజు

పెట్టె లోపల కరెంటు పంచే డబ్బా వేరుగా ఉంటుంది. ఫ్యాను ఉన్నదే అది. పెట్టెను దెబ్బతీసేది అదే. దాన్ని విప్పి బయట పెట్టుకున్నాను. వెనక చిన్న ఎర్ర మీట ఉంది. ఒక పక్కకు నెడితే 230, ఇంకో పక్కకు 115. మా కొట్టం కరెంటు 230. మీట అటే ఉంది. మీది చూసుకోండి.

డబ్బాలో పెద్ద కండెన్సర్లు రెండు. తల ఉబ్బలేదు. కానీ లోపల ఎండి ఉంటాయి. ఎండిన కండెన్సరు ఉపవాసం ఉన్నవాడిలాంటిది. ఒక్కసారిగా పెడితే అరగదు. కొద్దికొద్దిగా పెట్టాలి. అందుకు మోటార్లకు తీగ చుట్టే మా వైండింగు షాపులో ఒక పద్ధతి ఉండేది. కరెంటుకూ మోటారుకూ మధ్య ఒక బల్బును వరసలో కట్టేవాళ్ళం. లోపల షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, మోటారు కాలదు. లోపల బాగుంటే బల్బు ఒకసారి మెరిసి ఆరినట్టు అయిపోతుంది.

అయితే దానికి లోపల సన్నతీగ ఉండే పాత బల్బు కావాలి. ఇప్పటి చల్ల దీపాలు పనికిరావు. ఊరంతా వెతికితే రెండే ఉన్నాయి. రెండూ కోళ్ళ కోటమ్మవి. గుడ్లు పొదిగించడానికి వాడుతుంది.

కృత్తిక, పదమూడో రోజు

కోటమ్మ గుమ్మం ముందు చాలాసేపు నిలబడ్డాను.

"ఒరే నాగూరూ, అడిగేదేందో అడుగు. పెళ్ళిచూపులకొచ్చిన పిల్లోడి మాదిర ఎంతసేపు నిలబడతావు?"

"బల్బు," అన్నాను.

"బల్బిస్తే నా గుడ్లెట్టా?"

నేను ఎండ వైపు చూపించాను. రేపోమాపో రోహిణి. రోళ్ళు పగిలే ఎండ. కోటమ్మ ఎండను చూసింది, నన్ను చూసింది, నవ్వింది. నోట్లో ఉన్నవి నాలుగు పళ్ళు, నాలుగూ పసుపు.

"నిజమే, ఈ ఎండకు కోడి లేకుండానే పిల్లలొస్తాయి. తీసుకపో. పగలగొట్టావంటే మాత్రం నిన్నే గంపలో కూచోబెడతా గుడ్ల మీద."

రోహిణి, మొదటి రోజు

కరెంటు కొట్టంలో పరీక్ష పెట్టాను. ముందు తెర. బల్బు మెరిసి ఆరింది. తెర బాగుంది.

తర్వాత డబ్బా. ఇట్లాంటి డబ్బాలు ఉత్తినే తిరగవు, ఏదో ఒక పని ఇవ్వాలి. పాత ట్రాక్టరు లైటు ఒకటి దానికి తగిలించాను. పెట్టె తల్లిపలక తగిలించలేదు.

మీట వేశాను. బల్బు నిండుగా వెలిగింది. కొట్టమంతా పసుపచ్చటి వెలుగు. అట్లాంటి వెలుగు ఊళ్ళో సగం మంది పుట్టాక చూడలేదు. చప్పట్లు కొట్టారు. కోటమ్మ ఈలవేసింది.

"వెలిగింది! బావా, వెలిగింది గదా!" అని ఓబులేసు నన్ను వాటేసుకున్నాడు.

బల్బు అట్లా నిలిచి వెలిగితే లోపల షార్టు ఉన్నట్టు. మీట తీసేశాను.

"కాదు," అన్నాను.

ఏది కాదో, ఎందుకు కాదో చెప్పలేదు. అందరూ మొహాలు వేలాడేసుకుని పోయారు.

కండెన్సర్లలో కరెంటు మిగిలి ఉంటుంది. తీగ పీకేసినా అది మరిచిపోదు. ఒక లైటు తగిలించి దాన్ని ఖాళీ చేశాకే చేయి పెట్టండి.

రోహిణి, నాలుగో రోజు

షార్టు దొరికింది. డయోడు ఒకటి పోయింది. పాడైన ఇన్వర్టరు నుంచి తీసి వేశాను. పొద్దున మళ్ళీ పరీక్ష. బల్బు తళుక్కుమని మెరిసి, మెల్లగా మసకబారి, సన్నతీగ ఎర్రగా కనబడీ కనబడనట్టు నిలిచింది. డబ్బా ఫ్యాను తిరిగింది. నా గుండె నిండింది. మధ్యాహ్నం దాకా అట్లాగే వదిలేస్తే కండెన్సర్లు నిదానంగా కోలుకుంటాయి. అన్నం తినడానికి ఇంటికి వచ్చాను.

కంచంలో చేయి పెట్టానో లేదో ఢాం అని వినబడింది.

పోయేసరికి కొట్టంలో పొగ. ఓబులేసు గోడకు ఆనుకుని ఉన్నాడు. కనుబొమలు కాలాయి. మనిషికి ఏమీ కాలేదు.

"మసగ్గా ఉండాది బావా," అన్నాడు. "మొన్న అంత బాగా వెలిగింది గదా, ఇయ్యాల కరెంటు సాలడం ల్యా అనుకున్నా. బల్బు తీసేసి సూటిగా కలిపా. ఎర్రమీట ఫ్యాను మీట మాదిర పెంచేదేమో అనుకుని అటు నెట్టా. నీకు సాయం చేద్దామనే."

రెండు వందల ముప్పై కరెంటును నూట పదిహేను మీట మీద పోశాడు. కండెన్సర్లు రెండూ చీలిపోయాయి. డబ్బా మాడిపోయింది. అట్లాంటి కండెన్సర్లు ఇక ఎక్కడా దొరకవు.

చెంచమ్మ వచ్చి పొగ చూసింది. ఓబులేసును ఒక్క మాట అనలేదు. నన్నే అడిగింది. "ఇంక పది రోజులుండాది. బండ్లోళ్ళకు కబురు పంపనా అన్నా?"

నేను చీలిన కండెన్సర్ల ముక్కలు ఏరుతున్నాను.

ఎవరినీ అనడానికి లేదు. దీపం వెలిగితే మంచి, ఆరితే చెడు అని పుట్టినప్పటి నుంచి అందరికీ తెలిసిందే. నా పనిలో అది తిరగబడుతుందని నాకొక్కడికే తెలుసు. తెలిసినవాడు నోరు తెరిచి చెప్పలేదు.

రోహిణి, అయిదో రోజు

పని చేయలేదు.

రోహిణి, ఏడో రోజు

ఓబులేసు రెండు రోజులుగా కనబడలేదు. నేనే కొట్టానికి పోయాను. బ్యాటరీ డబ్బాల్లో నీళ్ళ మట్టం చూస్తున్నాడు. తల ఎత్తలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం డబ్బాలు చూస్తున్నాం. ఇనప బ్యాటరీలు, వరసగా నూట తొంభై. ఒక్కో డబ్బా ఒకటింబావు వోల్టు.

మా బడిలో అయ్యవారు ఒకటింబావు ఎక్కం కూడా చెప్పించారు. అప్పగించకపోతే బెత్తం. నా నోట్లో అది తనంతట తనే తిరిగింది. నాలుగు ఒకటింబావులు అయిదు. పది ఒకటింబావులు పన్నెండున్నర.

కంప్యూటరు తల్లిపలకకు, డిస్కుకు కావలసినవి రెండే రకాల కరెంటు. అయిదు, పన్నెండు. మాడిపోయిన డబ్బా చేసే పనల్లా 230ని విరిచి ఆ రెండు చేయడమే. ఆ రెండూ, అర వోల్టు తేడాతో, మా కళ్ళ ముందు డబ్బాల్లో ఉన్నాయి. కండెన్సర్లు అక్కరలేదు, విరిచే డబ్బా అక్కరలేదు.

ఈసారి మొత్తం చెప్పాను. ఓబులేసుకు ఒక్కడికే, కానీ మొత్తం. బల్బు సంగతి, షార్టు సంగతి, ఆరితే ఎందుకు మంచిదో, ఎర్రమీట ఏమిటో, ఇప్పుడు ఈ డబ్బాలు ఏమిటో. నా జన్మలో ఒకే పూట అంత మాట్లాడి ఎరగను. గొంతు ఆరిపోయింది.

ఓబులేసు విని, "ఈ ముక్క మొన్న జెప్పుంటే నా కనుబొమలు మిగిలేయి గదా బావా," అన్నాడు.

ఇద్దరం నవ్వాం.

పద్నాలుగు డబ్బాలు తీస్తే బావి పంపు ఆ పూట ఆగిపోతుంది. చెంచమ్మ ఈ సాయంత్రమే అందరినీ కడవలు నింపుకోమని చాటించింది.

రోహిణి, ఎనిమిదో రోజు

డబ్బాలను ఓబులేసు ఒక్కడే బడి దాకా మోశాడు. ఎవరినీ చేయి వేయనివ్వలేదు.

బడి ఎందుకంటే ఎస్తేరు టీచరు అక్కడ ఉంటుంది. ఇంగ్లీషు చదవగలిగింది ఊళ్ళో ఆవిడే. మాడిన డబ్బా మీద తీగల రంగుల పట్టీ ఉంటే చదివి చెప్పింది. ఎరుపు అయిదు, పసుపు పన్నెండు, నలుపు సున్నా. నాలుగు డబ్బాలు ఒక వరసగా, పది ఒక వరసగా పెట్టి, రెండు వరసల సున్నాలనూ కలిపి కట్టాను. ఒక్కో తీగకు ఒక్కో సన్న ఫ్యూజు వేశాను. తెరకు మాత్రం కొట్టం నుంచి తీగ లాగి, మిగిలిన డబ్బాల కరెంటే ఇచ్చాను. నారింజ రంగు తీగ ఒకటి మిగిలింది.

"అది పవర్ గుడ్ అని రాశారు మామా," అంది ఎస్తేరు.

"అంటే ఏంది టీచరమ్మా?" అన్నాడు ఓబులేసు.

"మిగతా తీగలన్నీ కుదురుకున్నాక, 'కరెంటు బాగుండాది, ఇంక నువ్వు లెయ్యి' అని పెట్టెకు చెప్పేదంట. దానికి ఇంకే పనీ లేదు."

ఆ తీగ నేను చేతిలో పట్టుకున్నాను. డిస్కును పంచెలోంచి తీసి తగిలించాను. మీటరు పెట్టి మూడుసార్లు చూశాను. ఓబులేసు డబ్బాల మీట వేశాడు. పొగ లేదు. వాసన లేదు. చేయి పెట్టి చూస్తే ఏదీ వేడెక్కలేదు. పది లెక్కపెట్టాను. నారింజ తీగను అయిదుకు ఆనించాను.

పెట్టె కుయ్‌మంది. తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి.

డిస్కు మాత్రం తిరగలేదు. అన్నేళ్ళు పడుకుని అతుక్కుపోయింది. అన్నీ ఆపి, డిస్కును రెండు చేతుల్లో పట్టుకుని, బిగిసిన సీసా మూత తిప్పినట్టు ఒక్కసారి విదిలించాను. ఒక్కసారే. మళ్ళీ అన్నీ మొదటి నుంచి. ఈసారి గుయ్‌మని ఎత్తుకుంది. సన్నగా కీచుమంటోంది. ఆగితే మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు.

పాత బ్యాటరీ కోసేశాను కదా, పెట్టె తన డిస్కును తానే మరిచిపోయింది. డిస్కు మీద చీటీలో ఉన్న అంకెలు ఎస్తేరు కొట్టింది. మీ డిస్కు మీది చీటీ చిరగనివ్వకండి.

తర్వాత పెట్టె ఈవేళ తేదీ ఏమిటని అడిగింది. మేం కార్తెలు లెక్కపెట్టుకునేవాళ్ళం.

"ఏదో ఒకటి జెప్పమ్మా, అదేమన్నా పోయి విచారించుకుంటుందా!" అంది చెంచమ్మ.

బోర్ల పట్టీ వచ్చింది. ఎస్తేరు చదువుతుంటే చెంచమ్మ, కోటమ్మ మనవరాలు, ఇంకో ఇద్దరు పంచుకుని రాశారు. పొద్దు వాలేదాకా ఆపలేదు. మా చుట్టుపక్కలవి నలభై ఒకటి. ముప్పై ఎనిమిదింటికి, ఫ్లోరైడుకు గుర్తుగా పెట్టిన ఎఫ్ అనే గడిలో అంకె మూడు, నాలుగు, అయిదు. ఒకటిన్నర దాటితే ఎముకలు వంచే నీళ్ళు. రెండు ఎండినవి.

నూట ఎనభై ఎనిమిదో నంబరు దగ్గర ఎస్తేరు తెర మీద వేలు పెట్టింది. "ఎఫ్, సున్నా పాయింటు ఆరు." మళ్ళీ చదివింది. "పరీక్ష బోరు. పంపు బిగించలేదు, మూత వేశారు. పీర్లచావిడి వెనక గోడకు తూర్పుగా ముప్పై అడుగులు."

"యాడిదా చావిడి?" అంది చెంచమ్మ.

చావిడి కూలి నలభై ఏళ్ళు. ఇప్పుడది రాళ్ళకుప్ప. చిన్నప్పుడు మా నాయన పీరును ఎత్తుకుంటే నేను వెనక గోడెక్కి చూసేవాడిని.

"నాకు తెలుసు," అన్నాను. ఈసారి అందరి ముందే అన్నాను.

రోహిణి, పన్నెండో రోజు

నాలుగు రోజులు ఊరంతా రాళ్ళు మోసింది. ఈ పొద్దు గడ్డపారకు ఇనుము తగిలింది. మూత బిగిసిపోయింది. నూనె పోసి, వేడి చేసి తిప్పాను. తాడుకు గొట్టం కట్టి దింపితే తడిసి వచ్చింది. మొదట ఎర్రటి నీళ్ళు, పంపు పెట్టాక బూడిద రంగు, ఆ తర్వాత తేట.

కోటమ్మ ముందు తాగింది. "నాకు పళ్ళెటూ పోయాయి, చెడ్డవైతే నాతోనే పోద్ది" అని. తాగి మూతి తుడుచుకుంది. తర్వాత చెంబు ఓబులేసు చేతికిచ్చి, "చప్పగా ఉండాయిరా," అంది. మా ఊళ్ళో నీళ్ళను ఇంతకంటే మెచ్చుకోరు.

రోహిణి, ఆఖరు రోజు

ఉత్తరం బండ్లు వచ్చాయి. చెంచమ్మ గట్టు దిగి పోయి, బండ్లవాళ్ళకు తలా ఒక చెంబు నీళ్ళిచ్చి, "మేం రావడం లేదు," అని చెప్పి పంపేసింది. బండ్లు చూస్తుండగానే మలుపు తిరిగాయి.

నాకు ఆనందమూ అయింది, గుబులూ అయింది. గుబులు ఎందుకో కింద రాస్తున్నాను.

మృగశిర, మూడో రోజు

తిరపాలు గారూ, పనిపుస్తకం అక్కడికి అయింది. ఇక మీకు చెప్పవలసింది.

మా పెట్టెలో ఉన్నది బోరు వేసిన నాటి లెక్క మాత్రమే. ఎక్కడ, ఎంత లోతు, ఎట్లాంటి నీళ్ళు. ప్రతి వరస చివరా ఒక మాట ఉంది. వేసవి నీటిమట్టం, ఏడాదికేడాది, రెండో యంత్రంలో చూడండి అని. ఆ రెండో యంత్రం మీ దగ్గరున్నదే అయి ఉండాలి. మా నూట ఎనభై ఎనిమిది ఎన్ని వేసవులు నిలుస్తుందో మీ పెట్టెలో ఉంది. అది తెలియకుండానే చెంచమ్మ బండ్లను పంపేసింది. పదేళ్ళు నిలిచేదైతే మేం ఇళ్ళ కప్పులు మార్చుకుంటాం. రెండేళ్ళదైతే ఇప్పటి నుంచే చెరువు తవ్వుకోవాలి. ఏదైనా చేసుకోగలం, తెలిస్తే చాలు.

మీ ఎర్రబాడు చుట్టుపక్కల బోర్లు అరవై మూడు మా పెట్టెలో ఉన్నాయి. ఎస్తేరు అన్నీ రాసింది, దీంతోపాటు పంపుతున్నాను. ఎఫ్ ఒకటికి లోపు ఉన్నవి నాలుగు. వాటి కింద గీత గీశాను. మీ పెట్టె లేవకపోయినా ఆ నాలుగూ మీవే. బోర్ల చోటు మా పెట్టెలో ఉంది, అవి నిలిచే కాలం మీ పెట్టెలో ఉంది.

మీ దగ్గర ఇనప డబ్బాలు లేకపోతే తొందరపడి 230 పెట్టకండి. ఓబులేసు పద్నాలుగు డబ్బాలు బండి మీద వేసుకుని తానే వస్తానంటున్నాడు. ఈసారి ఏదీ పెంచడట. మీరు రమ్మంటే నేనూ వస్తాను. ఎక్కువ మాట్లాడను కానీ అడిగినవాటికి చెబుతాను.

మీ డిస్కు తిరిగే స్థితిలో ఉందో లేదో, మమ్మల్ని ఎప్పుడు రమ్మంటారో సైకిలు టపా ఆయన తిరుగు ప్రయాణంలోనే రాసి పంపండి. రాత ఎట్లా ఉన్నా ఫరవాలేదు, తొందరగా రాయండి.

ఇట్లు,
మోటార్ల నాగూరయ్య